ఫ్లాటా, రో హౌసా, విడి ఇల్లా: సొంతమేదో, ఉమ్మడి ఏదో చూసి ఎంచుకోండి

బ్రోషర్ మీద ఏ పేరైనా అచ్చు వేసుకోవచ్చు. గోడకు గోడ ఆనించి కట్టిన రెండంతస్తుల ఇంటిని విల్లా అంటారు, పై అంతస్తులో మిగతావాటికన్నా కాస్త పెద్దగా ఉన్న ఫ్లాట్‌ను పెంట్‌హౌస్ అంటారు. పేరు పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలు అడిగితే అసలు రకం తేలిపోతుంది. కింద నేల ఎవరిది? పక్క గోడ ఎవరిది? నెత్తిమీద కప్పు ఎవరిది? మురుగు గొట్టం ఎంతవరకు మీది?

విడి ఇంటికి, అంటే ఇండిపెండెంట్ హౌస్‌కి, నాలుగూ మీవే. జంట ఇంట్లో ఒక గోడ ఉమ్మడి. వరసగా కట్టే రో హౌస్‌లో, టౌన్‌హౌస్‌లో రెండు పక్క గోడలూ ఉమ్మడే, కానీ నేలా కప్పూ సాధారణంగా మీవి. ఫ్లాట్‌లో నాలుగూ ఉమ్మడి. గేటెడ్ కమ్యూనిటీ విల్లా కట్టుబడిలో విడి ఇల్లు, నిర్వహణలో అపార్ట్‌మెంట్. సొంతమైన ప్రతిదానికీ ఖర్చు మీది, మాట కూడా మీదే. ఉమ్మడైన ప్రతిదానికీ ఖర్చు పంచుకుంటారు, నిర్ణయం మాత్రం పదిమంది చేతిలో ఉంటుంది. ఎంపిక కష్టమంతా ఇక్కడే.

ఎండ ఎన్ని వైపుల నుంచి తగులుతుంది

30 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న ఒక్క అంతస్తు ఇల్లు అనుకోండి. లోపల చోటు 900 చదరపు అడుగులు. విడి ఇంటిగా కడితే నాలుగు గోడలు 1200, కప్పు 900, మొత్తం 2100 చదరపు అడుగుల ఉపరితలం ఎండకూ వానకూ ఎదురుగా ఉంటుంది. జంట ఇల్లయితే అది 1800. వరస మధ్యలో ఉన్న రో హౌస్‌కి 1500. అదే 900 చదరపు అడుగులు అపార్ట్‌మెంట్ మధ్య అంతస్తులో, అటూ ఇటూ పొరుగు ఫ్లాట్లు, వెనక కారిడార్‌తో ఉంటే బయటికి కనిపించే గోడ 300 మాత్రమే. చివరి అంతస్తులోకి మారగానే కప్పు కూడా కలిసి 1200 అవుతుంది.

ఏసీ బిల్లు, రంగుల ఖర్చు, చెమ్మ ఊరే అవకాశం, చలి దేశాల్లో హీటర్ బిల్లు, అన్నీ ఈ లెక్క వెంటే నడుస్తాయి. మధ్య ఫ్లాట్‌కీ విడి ఇంటికీ ఏడు రెట్ల తేడా ఉంది. అయితే కిటికీలు పెట్టుకోగల గోడ కూడా అంతే తగ్గిందని మర్చిపోకూడదు. ఒకే వైపు కిటికీలున్న ఫ్లాట్‌లో గాలి లోపలికి వచ్చినా బయటికి పోయే దారి ఉండదు. ఎదురెదురు గోడల్లో, లేదంటే కనీసం మూలకు అటూ ఇటూ కిటికీలున్న ప్లాన్ చూసుకోండి.

చివరి అంతస్తును మిట్టమధ్యాహ్నం చూసి లాభం లేదు. కాంక్రీటు శ్లాబు పగలంతా ఎండను పీల్చుకుని కొన్ని గంటల ఆలస్యంతో లోపలికి వదులుతుంది. సాయంత్రం ఆరు, ఏడు గంటలకు వెళ్లి చెయ్యెత్తి సీలింగ్ దగ్గర పెట్టి చూడండి. పడమటి గోడకు ఆనుకున్న పడకగది ఉంటే అప్పుడే దాన్నీ చూడండి.

రో హౌస్‌లో అసలు సమస్య వెలుతురు. పక్క గోడల్లో కిటికీలుండవు కాబట్టి ముందు నుంచీ వెనక నుంచీ వచ్చిందే వెలుగు. కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో దానికి రెండు, రెండున్నర రెట్ల దూరం దాకా పగటి వెలుగు పనికొచ్చేలా అందుతుంది. కిటికీ పైఅంచు 7 అడుగుల ఎత్తులో ఉంటే 14 నుంచి 17 అడుగులన్నమాట. రెండు వైపులా కలిపి 28 నుంచి 35 అడుగులు. ఇంటి లోతు 45 అడుగులుంటే మధ్యలోని కనీసం పది అడుగుల్లో పట్టపగలే లైటు వేసుకోవాలి. అక్కడ మెట్లు, బాత్‌రూమ్, స్టోర్ పెడితే ఇబ్బంది లేదు. పైన ఆకాశం కనిపించేలా చిన్న బావి లాంటి ఖాళీ వదిలితే ఇంకా మంచిది. పడకగది పెట్టారా, ఆ ప్లాన్ వదిలెయ్యండి.

గోడ అవతలి మాటలు, శ్లాబు మీది అడుగులు

రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన 9 అంగుళాల ఇటుక గోడ దాదాపు 50 డెసిబెల్స్ శబ్దాన్ని ఆపుతుంది, నాలుగున్నర అంగుళాల గోడ 45 దాకా. ఆ అయిదు తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పక్కింటి టీవీలో ఏదో మోగుతోందని తెలియడానికీ, అందులో వార్తలు చదువుతున్నారని తెలియడానికీ మధ్య ఉన్న తేడా అదే. ఉమ్మడి గోడను తట్టి చూడండి, మందం టేపుతో కొలవండి. స్విచ్ బోర్డులు గోడకు రెండు వైపులా ఒకే చోట వీపుకు వీపు ఆనించి బిగించి ఉంటే ఎంత మందపు గోడైనా అక్కడ చిల్లు పడినట్టే. మీ పడకగది గోడకు అవతల ఏముందో కూడా అడగండి. అవతల మెట్లో, లిఫ్ట్ షాఫ్టో ఉంటే ఆ గదిలో నిద్ర కష్టం.

ఫ్లాట్‌లో పక్క గోడకన్నా పై శ్లాబుతోనే ఎక్కువ తంటా. మాటల్ని 5, 6 అంగుళాల కాంక్రీటు బాగానే ఆపుతుంది. కానీ కుర్చీ లాగడం, మడమలు మోపి నడవడం, పిల్లలు గెంతడం వేరు. అవి నేరుగా శ్లాబునే కొట్టి మోగిస్తాయి. దానికి సరైన మందు పై ఇంటి టైల్స్ కింద మెత్తటి పొర వేయడం, లేదా వాళ్లు కార్పెట్ పరచడం. కింద మీరు ఫాల్స్ సీలింగ్ కొట్టించినా దక్కేది కొంతే. సమస్య మీది, పరిష్కారం పైవాళ్ల చేతిలో. శబ్దం భరించలేని మనిషికి ఫ్లాట్ కావాలంటే చివరి అంతస్తు ఒక్కటే దారి, వేడినీ కప్పు ఊరే భయాన్నీ దానికి కట్నంగా ఇచ్చుకోవాలి. అపార్ట్‌మెంట్లలోనే రెండంతస్తులుగా వచ్చే డూప్లెక్స్ ఫ్లాట్‌కి ఈ విషయంలో ఒక మేలుంది: మీ కింది గది మీద నడిచేది మీ ఇంట్లోవాళ్లే.

నీళ్లు, మురుగు

పది మీటర్ల ఎత్తు నీటికి ఒక బార్ ఒత్తిడి. ఈ ఒక్క లెక్కతో ఏ అంతస్తులో కుళాయి ఎలా వస్తుందో చెప్పొచ్చు. ట్యాంకు డాబా మీదే ఉంటే చివరి అంతస్తు షవర్‌కి పైన మూడు మీటర్ల నీరుంటుంది, అంటే 0.3 బార్. బకెట్ నిండుతుంది, వెడల్పాటి షవర్ మాత్రం దారంలా కారుతుంది. ప్రెషర్ పంపు పెట్టాల్సిందే. ఇరవై అంతస్తుల భవనంలో కింది ఇళ్లకు తిరకాసు ఇంకోలా ఉంటుంది. పైన 60 మీటర్ల నీరంటే 6 బార్. మధ్యలో ఒత్తిడి తగ్గించే వాల్వులు లేకపోయినా, పాడైనా గీజర్ దగ్గరి ఫ్లెక్సిబుల్ గొట్టాలు పగులుతాయి. ఏ అంతస్తుల్లో ఆ వాల్వులున్నాయని అడిగితే భవనం చూసే ప్లంబర్ టక్కున చెప్పాలి.

మురుగు సంగతి దీనికి తలకిందులు. పై ఇళ్ల మురుగంతా ఒకే నిలువు గొట్టంలో దిగి, అడుగున వంపు తిరిగి మ్యాన్‌హోల్‌కి పోతుంది. అడ్డు పడేది ఎక్కువగా ఆ వంపు దగ్గరే. పైవాళ్లకు ఏమీ తెలియదు. వాళ్లు వాడుతూనే ఉంటారు, నీరు పైకి తన్ని గ్రౌండ్ ఫ్లోర్ బాత్‌రూమ్ జాలీలోంచి బయటికొస్తుంది. గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ కొనేవారు తమ బాత్‌రూమ్ నీళ్లు ఆ నిలువు గొట్టంలోనే కలుస్తున్నాయా, విడి గొట్టంతో నేరుగా మ్యాన్‌హోల్‌కి పోతున్నాయా అని చూడాలి. విడిగా ఉంటే ఈ బెడద లేదు.

పై బాత్‌రూమ్ నుంచి మీ సీలింగ్‌కి నీరు ఊరడం ఫ్లాట్ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తగిలే తగాదా. పైవాళ్ల బాత్‌రూమ్ కింద గుంతగా దించిన శ్లాబులో వాటర్‌ప్రూఫింగ్ పోతే, లేదా నహానీ ట్రాప్ (వాసన రాకుండా జాలీ కింద కాస్త నీరు నిలిపే వంపు) చుట్టూ సిమెంటు వదిలితే, తడి కనిపించేది మీ ఇంట్లో, తవ్వాల్సింది వాళ్ల ఇంట్లో. అందుకే పాత ఫ్లాట్ చూడబోతే మొదట బాత్‌రూమ్ సీలింగ్ చూడండి. కొత్త రంగు మచ్చలా ఒక్కచోటే కనిపించినా, తెల్లటి ఉప్పు పొర తేలినా, శ్లాబు పెచ్చులూడి కమ్మీ కనబడినా అది ఇప్పటి కథ కాదు. ఫాల్స్ సీలింగ్ ఉంటే దాన్ని తెరిపించండి. ఇంట్లోని అన్ని కుళాయిలూ ఒకేసారి విప్పి రెండు ఫ్లష్‌లూ నొక్కండి. జాలీలో గుడగుడ వినబడితే మురుగు గొట్టానికి గాలి అందించే గొట్టం సరిగా లేదని అర్థం.

విడి ఇంట్లో, రో హౌస్‌లో ఈ తగాదా ఉండదు. బదులుగా డాబా, ట్యాంకు, మోటారు, మ్యాన్‌హోల్ అన్నీ మీ నెత్తినే. రో హౌస్‌లో ఒక్క మెలిక ఉంది: వరసలోని ఇళ్ల మురుగు గొట్టం కొన్నిచోట్ల వెనకనున్న అందరి పెరళ్ల గుండా పోతుంది. చివరి ఇంటివారు దాని మీద గది కట్టేస్తే మొదటి ఇంటికి ఇబ్బంది. డ్రైనేజీ ప్లాన్ అడిగి, మ్యాన్‌హోల్ మూతలు తెరవడానికి వీలుగా ఉన్నాయో లేదో నడిచి చూడండి.

విడి ఇల్లు, విల్లా, మధ్యలో మూడడుగుల సందు

విడి ఇంటి బలం నేల, పైకి పెంచుకునే వీలు. ఇంకో అంతస్తు వేసుకోవచ్చని అమ్మేవారు చెప్పే మాటకు ఒక్కటే రుజువు: స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో పునాదులు ఎన్ని అంతస్తులకు లెక్క కట్టారో రాసి ఉండాలి. డాబా మీద స్తంభాల కమ్మీలు పైకి వదిలి ఉన్నంత మాత్రాన పునాదికి ఆ బరువు మోసే శక్తి ఉన్నట్టు కాదు. పైగా ఏళ్ల తరబడి వానకు తడిసిన ఆ కమ్మీలు తుప్పు పట్టి పొరలు లేస్తుంటే వాటికి కొత్త స్తంభం అతకకూడదు. పలచటి కాంక్రీటుతో కప్పి ఉంచారంటే కట్టినవారికి పని తెలుసన్నమాట.

కట్టుబడి విలువలో ఏటా ఒక శాతం మరమ్మతులకు పక్కన పెట్టాలన్నది చాలాచోట్ల వాడుకలో ఉన్న మోటు లెక్క. కొత్త ఇంటికి అంత కాదు, ముప్పై ఏళ్ల ఇంటికి సరిపోదు కూడా. విల్లా కొనేవారు ఈ ఒక శాతం పైన అసోసియేషన్ మెయింటెనెన్స్ కూడా కలుపుకోవాలి, ఎందుకంటే కప్పు మీది, రోడ్లు, మురుగు శుద్ధి ప్లాంటు, గేటు ఉమ్మడి. విల్లా పత్రాల్లో రెండు విషయాలు ముఖ్యం. మీ పేరున రిజిస్టరయ్యేది హద్దులు రాసిన స్థలమా, మొత్తం లేఅవుట్‌లో వాటానా? లోపలి రోడ్లు ఎవరి పేరున ఉన్నాయి? వాటా మాత్రమే రాసిస్తే, చూడడానికి విల్లా అయినా కాగితం మీద అది ఫ్లాటే.

ఇంటికీ ఇంటికీ మధ్య మూడేసి అడుగుల సందులు వదిలి వరసగా కట్టిన విల్లాలు ఎక్కడ చూసినా ఉన్నాయి. ఆ సందులోకి వెలుతురు దిగదు, నిచ్చెన సరిగా ఆనదు, పక్కవాళ్ల వంటింటి వాసన నేరుగా మీ కిటికీలోకి వస్తుంది. నాలుగు వైపులా గోడలకు రంగులు వేసే ఖర్చు మాత్రం పూర్తిగా ఉంటుంది. అదే ధరకు 9 అంగుళాల ఉమ్మడి గోడతో, ఆ సందుల చోటు కూడా గదుల్లో కలిసొచ్చే రో హౌస్ దొరికితే అదే మేలు. విల్లా అనిపించుకోవాలంటే కిటికీలున్న వైపు కనీసం ఆరేడు అడుగుల ఖాళీ ఉండాలి.

రో హౌస్ ఉమ్మడి గోడ మీద రెండు పరీక్షలు. గోడ కప్పు దాకా, పెంకుల ఇల్లయితే అటక పైదాకా పూర్తిగా వెళ్లిందా? మధ్యలో ఆగితే పక్కింట్లో నిప్పు పడినప్పుడు పొగ, మంట ఆ ఖాళీ గుండా వరసంతా పాకుతాయి. 1666లో లండన్ తగలబడ్డాక మరుసటి ఏడాది చట్టంలో ఇళ్ల గోడలు ఇటుకతోనో రాతితోనో ఉండాలని, ఉమ్మడి గోడల మందం ఇంత ఉండాలని రాసింది ఈ భయంతోనే. రెండోది, డాబా మీద రెండిళ్ల మధ్య జాయింటు. అక్కడ వాననీరు దిగకుండా రేకో, పొరో కప్పి ఉండాలి. ఉత్త సిమెంటుతో పూడ్చి ఉంటే రెండు వానాకాలాల్లో పగులుతుంది.

మెట్లు తినే చోటు

అంతస్తు ఎత్తు పదిన్నర అడుగులు, మెట్టు ఎత్తు 7 అంగుళాలు అనుకుంటే 18 మెట్లు. మూడడుగుల వెడల్పుతో మధ్యలో మలుపు తిరిగే మెట్లకు అంతస్తుకు 65 నుంచి 80 చదరపు అడుగులు పోతాయి. 1500 చదరపు అడుగుల రెండంతస్తుల ఇంట్లో దాదాపు పదో వంతు మెట్లదే. అంతే విస్తీర్ణమున్న ఫ్లాట్‌తో పోల్చేటప్పుడు ఆ పదో వంతు తీసేసి చూడండి. మూడంతస్తుల రో హౌస్‌లో వంటిల్లు ఒక అంతస్తులో, హాలు ఇంకో అంతస్తులో ఉంటే రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగాలో ఇంటి పని చేసేవారిని అడగండి, కొనే ముందే.

పెద్దవాళ్లున్న ఇంటికి కింది అంతస్తులో ఒక పడకగది, దానికి ఆనుకుని బాత్‌రూమ్ తప్పనిసరి. చక్రాల కుర్చీ తిరగాలంటే తలుపు తెరిచాక కనీసం 32 అంగుళాల ఖాళీ కావాలి. చాలా బాత్‌రూమ్ తలుపులు 28 కూడా ఉండవు. గోడ కట్టకముందు అయితే మేస్త్రీకి చెబితే చాలు, ఆ తర్వాత టైల్స్‌తో సహా పగలగొట్టాలి. స్ట్రెచర్ పట్టే లిఫ్ట్ ఉన్న ఫ్లాట్ ఈ విషయంలో అన్ని రకాలకన్నా ముందుంటుంది.

ఫ్లాట్‌లో కొనేది ఎంత?

అమ్మే విస్తీర్ణంలో మెట్లు, కారిడార్లు, లాబీ వాటా కలిపి ఉంటుంది. గోడ నుంచి గోడకు టేపు పట్టి కొలిచిందే మీరు తిరిగే చోటు, కార్పెట్ ఏరియా. 1500 అని చెప్పిన ఫ్లాట్‌లో 1100 తేలితే మీరు వాడుకునే ప్రతి అడుగుకీ 36 శాతం ఎక్కువ ఇచ్చారన్నమాట. రెండు భవనాలను పోల్చేటప్పుడు ధరను కార్పెట్ ఏరియాతోనే భాగించాలి.

నేల లెక్క ఇంకా కఠినం. ఎకరం అంటే 4840 చదరపు గజాలు. అందులో 60 సమానమైన ఫ్లాట్లు కడితే ఒక్కోదానికి 80 గజాల వాటా, 200 కడితే 24 గజాలు. కట్టడం విలువ ఏటా తరుగుతుంది, పెరిగేది నేల. భవనం పాతబడి పడగొట్టి కట్టాల్సినప్పుడు చేతిలో మిగిలేది ఆ గజాలే. అప్పుడు కూడా ఒక్కరి ఇష్టంతో పని జరగదు. సింగపూర్‌లో పదేళ్లు దాటిన భవనాన్ని మొత్తంగా అమ్మాలంటే 80 శాతం వాటాల అంగీకారం కావాలి, పదేళ్ల లోపైతే 90 శాతం. అక్కడి ప్రభుత్వ ఫ్లాట్లకు హక్కు కూడా 99 ఏళ్ల లీజే. న్యూయార్క్ కో-ఆపరేటివ్ భవనాల్లో మీరు కొనేది ఇంటిని కాదు, సంఘంలో షేర్లను. కొనబోయేవారిని వద్దనే అధికారం బోర్డుకి ఉంటుంది. కాబట్టి ఏ ఊళ్లోనైనా ఇల్లు చూసే ముందు హక్కు ఏ రకమో కాగితంలో చూడండి.

ఆ తర్వాత సంఘం ఖాతా. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ కాపలాకీ ఊడవడానికీ సరిపోతుంది. లిఫ్ట్ 20, 25 ఏళ్లకు మార్చాలి, పంపులు పదేళ్ల లోపే, డాబా వాటర్‌ప్రూఫింగ్ దాదాపు పదేళ్లకు, బయటి రంగులు అయిదారేళ్లకు. వీటికి విడిగా నిధి కూడబెట్టారా? మూడేళ్ల జమాఖర్చులు, నిధిలో ఎంతుంది, ఎవరెంత బాకీ, చివరి రెండు సర్వసభ్య సమావేశాల మినిట్స్ (చర్చల, తీర్మానాల రికార్డు), ఈ నాలుగూ చూపించమనండి. నిధి ఖాళీగా ఉండి మెయింటెనెన్స్ చవగ్గా ఉందంటే సంతోషించకండి. ఆ బిల్లు వాయిదా పడిందంతే. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 1981లో కట్టిన 12 అంతస్తుల షాంప్లైన్ టవర్స్ సౌత్ 2021 జూన్ 24న కొంతభాగం కూలి 98 మంది చనిపోయారు. ఈత కొలను డెక్ కింద నీటి నిరోధక పొర పాడై కాంక్రీటు దెబ్బతింటోందని 2018లోనే ఇంజనీరు నివేదిక ఇచ్చారు. దాదాపు కోటిన్నర డాలర్ల మరమ్మతుల కోసం ఒక్కో ఫ్లాట్ ఎంత కట్టాలన్నది సంఘం తేల్చేసరికి 2021 వచ్చింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం మూడు, అంతకు మించిన అంతస్తుల కాండోలకు (ఒక్కో ఫ్లాట్ ఒక్కొక్కరి సొంతంగా ఉండే భవనాలకు) మరమ్మతు నిధి అధ్యయనం తప్పనిసరి చేసింది.

ఎత్తైన భవనంలో మెట్లు రెండు ఉన్నాయా, రెండూ వేరువేరు చోట్ల దిగుతాయా చూడండి. 2017 జూన్ 14న 72 మంది ప్రాణాలు తీసిన లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌కి 24 అంతస్తులు, మెట్లు ఒక్కటే. బయట తొడిగిన ప్యానెళ్లే మంటను పైకి మోశాయి. మీరు చూస్తున్న భవనానికి అల్యూమినియం ప్యానెళ్ల తొడుగు ఉంటే లోపలి పదార్థం ఏమిటో రాతపూర్వకంగా అడగండి.

చిన్నవి, పైవి, చక్రాలవి

పడకా వంటా ఒకే గదిలో ఉండే స్టూడియో ఒక్కరికి చాలు. పొయ్యి మీది పొగ బయటికి గొట్టంతో పోయే చిమ్నీ ఉందా, వడకట్టి మళ్లీ గదిలోకే వదిలేదా, అదొక్కటి తేల్చుకోండి. రెండోదైతే పరుపుకు కూడా తాలింపు వాసనే. పెంట్‌హౌస్ టెర్రస్ వాడుకునే హక్కు మీకుండి, దాని వాటర్‌ప్రూఫింగ్ బాధ్యత ఎవరిదో ఒప్పందంలో లేకపోతే కింది ఇంటి సీలింగ్ తడిసిన రోజు గొడవ మొదలవుతుంది. అమెరికాలో ఫ్యాక్టరీలో తయారై చక్రాల చట్రం (చాసిస్) మీద వచ్చే ఇళ్లకు 1976 జూన్ నుంచి దేశమంతటికీ ఒకే ప్రమాణం ఉంది. అంతకు ముందువి కొనకపోవడమే మంచిది. వాటిలో ఇల్లు సొంతమైనా కింద స్థలం తరచుగా అద్దెదే, అద్దె పెంచితే ఇంటిని కదిలించడం చెప్పినంత సులువు కాదు.

ఎవరికి ఏది

పొద్దున వెళ్లి రాత్రి వచ్చేవారికి, ఇంటికి తాళం వేసి నెలల తరబడి తిరిగేవారికి మధ్య అంతస్తు ఫ్లాట్. అలా వదిలి వెళ్లేటప్పుడు జాలీల్లో మగ్గెడు నీళ్లు పోసి మూతలు పెట్టండి. ట్రాప్‌లో రెండంగుళాల నీరు ఆవిరైతే మురుగు వాసన ఇల్లంతా కమ్ముతుంది. నేల మీద నమ్మకం ఉండి, మేస్త్రీనీ ప్లంబర్‌నీ పిలిచి పని చేయించే ఓపిక ఉన్నవారికి విడి ఇల్లు. ఆ ఓపిక లేకుండా నేల మాత్రం కావాలంటే, లోతు 35 అడుగులు దాటని రో హౌస్. విల్లా కొనేది రెండు రకాల ఖర్చూ తట్టుకోగలిగితేనే.

రెండు ఇళ్ల మధ్య తేల్చుకోలేకపోతే ఒక్కోదాన్నీ మూడుసార్లు చూడండి: సాయంత్రం వేడికి, రాత్రి పది తర్వాత శబ్దానికి, గట్టి వాన పడిన మర్నాడు చెమ్మకి. వానకు వెళ్లినప్పుడు సెల్లార్ దాకా దిగండి. మూలల్లో నీళ్లు, గోడ మీద గీతలా పాత తడి మరక కనిపిస్తే, పంపు కరెంటు పోయినప్పుడు కూడా నడుస్తుందా అని కాపలాదారును అడగండి.